గల్లాపెట్టె యొద్ద కూర్చుండువారు

(మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి యుదయమున గావించిన యుపన్యాసము)



వ్యాపార విషయమై నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మాకు వ్రాసినప్పుడు, పన్నుల సంగతియో బ్యాంకు వడ్డీల సంగతియో చెప్పుదుమని వారు తలచి యుందురు. వానిని గూర్చి మాకంటె బాగుగా చెప్పగల ఆడిటర్లు ఈ పందిటిలోనే పలువురు గలరు. మేము మరియొక సంగతి ఎత్తుకొనదలచితిమి. అది గల్లాపెట్టె సంగతి. పెట్టె సంగతి కూడ కాదు, దాని యొద్ద కూర్చుండు మనిషి సంగతి. పెద్ద అంగళ్లలో ఇప్పుడు ఆ మనిషిని క్యాషియరందురు. ఆ మనిషి లేకయే అంగడి నడచు పద్ధతులు పుట్టినవి, పెరుగుచున్నవి. మన వైశ్య కుటుంబములలో మూడు తరముల వెనుకకు పోయినచో, గల్లాపెట్టె సొమ్ముతో చదువుకొనని వారు అరుదు. కావున ఇది మనము పట్టించుకొనదగిన సంగతియే యని మా విశ్వాసము.

మా తండ్రిగారికి విజయవాడ వన్‌టౌనులో పచారీకొట్టు ఉండెడిది. గద్దెమీద పరుపు, దాని ముందర కుంకుమబొట్టు పెట్టిన టేకు గల్లాపెట్టె, ప్రక్కను చిట్టా, ఆవర్జా. మేము బడినుండి వచ్చి పొట్లములు కట్టుటకై పాత పత్రికలు చించుచు అచ్చట కూర్చుండెడివారము. మా తండ్రిగారు సొమ్ము లెక్కపెట్టుట మేము చూచినది తక్కువ. మనుష్యులను లెక్కపెట్టుట చూచినదే యెక్కువ. రైల్వేవారికి జీతము ఒకటవ తేదీన ముట్టును. పోర్టర్లకు ఏనాటి కూలి ఆనాడే. అచ్చాపీసు కంపోజిటరుకు యజమాని యిచ్చినప్పుడు ఇచ్చినంత. ఎవరి పద్దు ఎంతవరకు పెరుగనీయవచ్చునో, ఎవరిని వాకిట నిలబెట్టి అడుగరాదో వారి మనస్సులో నుండెడిది. ఆడపిల్ల పురిటికి వచ్చిన యింటికి నెయ్యియు, మిరియములును అడుగకయే పంపెడివారు. కొనుటకు వచ్చిన పిల్లవాని చేతిలో బెల్లపుముక్క కొసరుగా పడనిదే ఆ బేరము ముగిసెడిది కాదు.

ఆ కాలమంతయు బంగారమని చెప్పుటకు మేము రాలేదు. తక్కెడ ఎటు మొగ్గవలెనో తెలిసిన చేతులు మన వీథిలోను కొన్ని యుండెను. చదువురాని కూలివాని పద్దు వానికి తెలియకయే పెరుగుటయు మేమెరుగుదుము. యంత్రము వచ్చి తూకమును, లెక్కను సరిచేసినచో దానికి నమస్కరింపవలసినదే.

అయితే ఆ యంత్రము ఎట్లు పుట్టినదో కొంచెము చూడవలసి యున్నది. అమెరికాలోని డేటన్ పట్టణమున జేమ్స్ రిట్టీ యను సారాయంగడి యజమాని, తన పనివారు సొమ్ము కాజేయుచున్నారని విసిగి, అమ్మకమును లెక్కించు యంత్రమును కల్పించి 1879లో దానికి పేటెంటు పొందెను. దానికాతడు పెట్టిన పేరు తెలుగున ‘లంచమునకు లొంగని క్యాషియరు’ అని యగును. అనగా గల్లాపెట్టె యొద్దనున్న మనిషిపై అనుమానమే ఆ యంత్రమునకు మూలము. 1916లో మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అనునాయన ‘పిగ్లీ విగ్లీ’ యను కొట్టు తెరచెను. అంతకుముందు అచ్చటను మనవలెనే కొనువారు జాబితా చదువగా గుమాస్తా సరకు తీసి యిచ్చెడివాడు. సాండర్స్ కొట్టులో కొనువారే బుట్ట పట్టుకొని బీరువాల నడుమ తిరిగి, సరకు తీసికొని, వెలుపలికి పోవుచోట సొమ్ము చెల్లించుట మొదలయ్యెను. 1974 జూన్ 26వ తేదీన ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ అను ఊర, మార్ష్ వారి అంగడిలో, ఒక రిగ్లీ చూయింగు గమ్ము కట్టపై నున్న నల్లగీతలను యంత్రము చదివెను. దాని వెల 67 సెంట్లు. అదియే మనము నేడు ప్రతి సబ్బుబిళ్లమీదను చూచుచున్న బార్‌కోడుకు అంగడిలో తొలి బోణీ. ఇక 1986లో అట్లాంటా ప్రాంతపు క్రోగర్ అంగడిలో డేవిడ్ హంబుల్ కల్పించిన యంత్రము పెట్టబడెను. కొనువాడే గీతలు చూపి బిల్లు వేసికొనుట దానితో నారంభమయ్యెను. దీనినే ఇప్పుడు సెల్ఫ్ చెకౌట్ అనుచున్నారు.

ఈ వరుసలో మాకు తోచినదేమనగా, పని ఎచ్చటను పోలేదు, చేతులు మారినది. బీరువానుండి సరకు తీయుట, సంచిలో వేయుట, వెల చూచుట, బిల్లు వేయుట, ఇవన్నియు ఒకప్పుడు జీతము తీసికొని గుమాస్తా చేసిన పనులు. ఇప్పుడు వానిని జీతము లేక కొనువాడు చేయుచున్నాడు. పోయినది పని కాదు, జీతము. ఈ మాటను ‘సౌకర్యము’ అను మాట క్రింద కప్పిపెట్టుట యంగడివారి నేర్పు. మనమును అంగడివారమే కావున ఆ నేర్పు మనకు తెలియనిది కాదు.

అమెరికాలో చదువుకొనుచున్న మా మనుమడొకడు చెప్పగా వింటిమి: వాడు సరకులు కొను అంగడిలో ఆరు యంత్రములకు ఒక స్త్రీ కావలియట. యంత్రము మొరాయించిన ప్రతిచోటికి పరుగెత్తవలెను, మందలింపులు వినవలెను, దొంగను కనిపెట్టవలెను. మునుపు ఆమెయే కూర్చుండిన వరుసలో అరటిపండ్లు తూచుచు పలుకరించెడిదట. దొంగతనములు మాత్రము యంత్రములవలన తగ్గలేదు. ఇంగ్లండు ఉత్తర ప్రాంతములో బూత్స్ అను అంగళ్లవారు 2023లో ఈ యంత్రములను దాదాపు అన్ని శాఖలనుండి తీసివేసి మనుష్యులనే తిరిగి కూర్చుండబెట్టిరి. అమెరికాలో డాలర్ జనరల్ వారు 2024లో అనేక అంగళ్లలో తీసివేసిరి. టార్గెట్ వారు ఆ సంవత్సరమే పది వస్తువులకు మించినచో పనికిరాదనిరి. క్యాషియరే లేని అంగడిని 2018లో సియాటిల్‌లో ప్రజలకు తెరచిన అమెజాన్ వారును, 2024లో తమ పెద్ద కిరాణా అంగళ్లనుండి ఆ యేర్పాటును తొలగించిరి. వీనిని చూచి కొందరు మిత్రులు సంతోషించుచున్నారు. మేము అంతగా సంతోషింపజాలము. అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంక శాఖవారి లెక్కలో 2023 నాటికి ఆ దేశమున క్యాషియర్లు సుమారు 33 లక్షలు. పదేండ్లలో అందు పదింట నొకవంతు తగ్గుదురని వారే అంచనా కట్టిరి.

మన దేశమునకు వత్తము. ఇచ్చట ఆ యంత్రములు విశేషముగా రాలేదు. కారణము గొప్పదేమియు కాదు. యంత్రపు వెలకంటె బిల్లు వేయు పిల్లవాని జీతము చౌక. ఈ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడవలసినదే గాని, నిజము. కాని మన గల్లాపెట్టెకు ముప్పు వేరొక వాకిటినుండి వచ్చినది. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట చిల్లరతో పని తగ్గెను. సొమ్ము ముట్టినదని పలుకు చిన్నపెట్టె కూరగాయల బండిమీదికి కూడ చేరెను. 2020లో స్విగ్గీవారి ఇన్‌స్టామార్ట్, 2021లో జెప్టో వచ్చెను. 2013లో గ్రోఫర్స్ అని పుట్టిన సంస్థ 2021 చివర బ్లింకిట్ అని పేరు మార్చుకొని పది నిమిషములలో సరకు తెత్తుననెను. వీరి కొట్టును డార్కు స్టోరు అందురు. పేరునకు తగినట్లు దానిలోనికి కొనువాడు అడుగుపెట్టడు. లోపల బీరువాల నడుమ ఒకడు చేతియంత్రములో జాబితా చూచుచు సరకు ఏరును. వాకిట మరియొకడు సంచి అందుకొని బండి యెక్కును. బిల్లు కొనువాని ఫోనులోనే తయారగును, సొమ్ము అందే చెల్లును. చూడుడు, సెల్ఫ్ చెకౌట్ యంత్రమైనను క్యాషియరు కూర్చుండిన చోటనే నిలిచినది. ఇచ్చట ఆ చోటే లేదు.

2024లో సరకుల పంపిణీదారుల అఖిలభారత సమాఖ్యవారు దేశమున రెండు లక్షల కిరాణాకొట్లు మూతపడెనని ప్రకటించిరి. అది వర్తకులమైన మనవారి లెక్క. మన నష్టమును మనమే తూచునప్పుడు తక్కెడ ఎటు మొగ్గునో ముందే మనవి చేసితిమి. కావున ఆ సంఖ్యను కొంచెము నిదానించి పట్టుకొనుడు. మూతపడినవి కొన్ని మన కన్నులయెదుటనే యున్నవి, దానికి లెక్కలతో పనిలేదు.

ఇప్పుడు మా యింటి సంగతి యొకటి చెప్పుదుము. 2009లో మేము కొట్టును పెంచి, బీరువాలు పెట్టించి, బిల్లు వేయు కంప్యూటరు కొంటిమి. అప్పటికి మా యొద్ద ఇరువదిరెండేండ్లుగా చిట్టా వ్రాయుచుండిన పెద్దమనిషి యొకరుండిరి. మన కులమువారు కారు. మా పిల్లలు ఆయనను బాబాయి యనియే పిలిచెడివారు. మూడునెలల జీతము చేతబెట్టి, పంచెల చాపు కప్పి, నమస్కరించి సాగనంపితిమి. “ఇంక నా చేతివ్రాతతో పనిలేదన్నమాట, బాబూ” అని ఆయన నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ తరువాత ఆయన ఒక ధర్మసత్రములో రసీదులు వ్రాయుచుండిరని వింటిమి. పోయినప్పుడు మాకు కబురు రాలేదు.

కిందటి కార్తికమాసములో మా కోడలు ఒత్తులును, ఆవునెయ్యియు ఫోనుమీద తెప్పించెను. పచారీకొట్టువారి యింటిలో! అడిగితిమి. “కొట్టునుండి తెచ్చువారు లేరు మామయ్యగారూ, దీపముల వేళ దాటిపోవుచున్నది” అనెను. ఆమె తప్పు లేదు. సంచి తెచ్చిన కుర్రవాడు మమ్ము చూచి ఒక నిమిషము నిలిచెను. “మా తాతగారు మీ కొట్టులో లెక్కలు వ్రాసేవారండి” అనెను. ఏమి చదివితివంటిమి, బీకామ్ అనెను. కూర్చుండుమంటిమి. చేతిలోని ఫోను మ్రోగుచుండెను. “ఆలస్యమైతే పోతుందండి” అని మెట్లు దిగిపోయెను. ఏమి పోవునో మేము అడుగలేదు.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. పెద్ద సంస్థలు మన పొట్ట కొట్టినవని వేదికలమీద మనము మొరపెట్టుకొనుచున్నాము. మా గుమాస్తాను తీసివేసినది పెద్ద సంస్థ కాదు, మేము. ఆయన గద్దెమీద ఎరిగిన మనుష్యులందరిని, ఆ పద్దులవెనుకనున్న యిండ్లను మా కంప్యూటరుకు ఎవరును చెప్పలేదు. తరువాత రెండేండ్లలో మా అరువు ఖాతాలు సగము తెగిపోయెను. ఖాతాతోపాటు మనుష్యులును పెద్ద అంగళ్లకు పోయిరి. లాభనష్టముల కొలతతో చూచినను అది తెలివితక్కువ పనియే.

నీతి ఆయోగ్ వారు 2022లో ప్రకటించిన నివేదికలో, ఇట్టి ఫోనుపనులు చేయువారు 2020–21లో 77 లక్షలనియు, 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురనియు నున్నది. వారిని గూర్చిన మాట 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరెను. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. ఫలితము చూడవలసియున్నది.

అంగళ్లలో మిగిలిన వారి గతి యేమి? కేరళలో వస్త్రాలయములందు పనిచేయు స్త్రీలు దినమంతయు నిలువబడి యుండవలసివచ్చుటపై పోరాడగా, 2018లో ఆ ప్రభుత్వము చట్టము సవరించి కూర్చుండు హక్కు నిచ్చెను. 2021లో తమిళనాడును అట్లే చేసెను. కూర్చుండుటకు చట్టము కావలసివచ్చెనన్నమాట! గద్దెమీద పరుపు వేసికొని కూర్చుండి వ్యాపారము నేర్చిన కులమువారము మనము. మన సూపరుమార్కెట్లలో బిల్లు వేయు ఆడపిల్లలలో ఎందరికి పీట యున్నదో, ఇంటికి పోయినపిమ్మట ఎవరికి వారు చూచుకొందురుగాక.

పది నిమిషముల సరకు రాకూడదని మేము చెప్పము. మంచముపట్టిన ముసలివారికి అది మేలే. కాని ఫోను పట్టనేరని ముసలమ్మ పింఛనునోట్లతో వచ్చి, “మొన్నటిదే యియ్యి నాయనా” యన్నచో, మొన్నటిది ఏదో తెలిసినవాడు కావలెను గదా. నూనె గడువు దాటినదని చెప్పి వెనుకకు తీసికొనువాడు కావలెను. ఆ మనిషిని నిలుపుకొనుటకు ఖర్చగును. ఆ ఖర్చు ఎవరు పెట్టవలెనన్నదే మా ప్రశ్న.

మధ్యాహ్నము విషయ నిర్ణాయక సభలో మేము రెండు తీర్మానములు తెచ్చుచున్నాము. మన విద్యానిధి నియమావళిలో ‘మన కులమువారి బిడ్డలకు మాత్రమే’ యను వాక్యమున్నది. దానికి ‘మన అంగళ్లలో ఐదేండ్లు పనిచేసిన వారి బిడ్డలకును’ అని చేర్చవలెను. దీనికి పెద్దలలో కొందరు సమ్మతింపరని ఎరుగుదుము. నిన్న భోజనముల వేళ ఇద్దరు మాతో గట్టిగనే వాదించిరి. నిధి దాతలు కులమును ఉద్దేశించి యిచ్చిరని వారి వాదము. దాతలు ఇచ్చిన సొమ్ము ఎవరి చేతులమీదుగా గల్లాపెట్టెలో పడినదని మా వాదము. రెండవది, యంత్రము కొని ఎవరినైన తీసివేయదలచినవారు, ముందుగా ఆరునెలలు వానికి సరకుల నిలువ, గడువులు, ఫోను బేరములు చూచుపని నేర్పించి, అప్పటికిని పనికిరాడన్నప్పుడే మాట్లాడవలెను. నేర్పుటకు సంఘభవనములో సాయంకాలపు గది ఖాళీగానే యున్నది. ఇంటింటికి సరకు పంపుపని కొట్టువారే తమ జీతగాండ్రతో చేయించుకొనగలరా యన్నది గూడ అచ్చటనే చర్చింతము. వన్‌టౌనులో నలుగురు కొట్టువారము ఈ ఉగాదినుండి ఇరువురు కుర్రవాండ్రను నెలజీతముమీద పెట్టుకొని చూడ నిశ్చయించితిమి. ఆ బీకామ్ చదివిన కుర్రవానికి మొన్న కబురంపితిమి. ఆలోచించి చెప్పుదుననెను.

తీర్మానముల ప్రతులు ద్వారము వద్ద బల్లమీద నున్నవి.