పీల్చే గాలి, పైనున్న పొర: మనం తెలుసుకోవలసిన సంగతులు



ఊరినుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా మనం చెప్పే మాట ఒకటుంది. "ఇక్కడ గాలి, నీళ్ళు చాలా శుభ్రం అమ్మా, దిగులు పెట్టుకోకు" అంటాం. అది అబద్ధమేమీ కాదు. విశాఖ పోర్టు పక్కన బొగ్గు దుమ్ములో పెరిగినవాళ్ళం, రామగుండం బూడిద చూసినవాళ్ళం మనలో ఉన్నాం. ఇక్కడ దిగిన రోజున ఆకాశం ఇంత నీలంగా ఉంటుందా అనుకున్నాం. అయితే ఆ మాటను మనమే మరీ ఎక్కువగా నమ్మేశాం. ఆ నమ్మకం ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2016 నవంబర్ 21, సోమవారం. మెల్‌బోర్న్‌లో పగలంతా ఎండ మండిపోయింది. సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కొద్ది గంటల్లోనే వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. అంబులెన్సులు చాలలేదు. పదిమంది చనిపోయారు. జబ్బుపడినవారిలో భారతదేశం, ఆసియా మూలాలున్నవాళ్ళు జనాభాలో తమ వాటా కంటే ఎక్కువగా ఉన్నారని తర్వాత లెక్కల్లో తేలింది. అంటే ఇది మన ఇంటి సంగతే.

కారణం ఫ్యాక్టరీ పొగ కాదు, గడ్డి పుప్పొడి. నగరానికి ఉత్తరాన, పడమరన ఉన్న మేత భూముల్లో రై గ్రాస్ అనే గడ్డి విపరీతంగా పెరుగుతుంది. మామూలు రోజుల్లో దాని పుప్పొడి ముక్కు దగ్గరే ఆగిపోయి తుమ్ములు తెప్పిస్తుంది. గాలివాన తేమకు ఆ రేణువులు పగిలి సన్నటి పొడి అవుతాయి. ఆ పొడి నేరుగా ఊపిరితిత్తుల లోపలికి దిగిపోతుంది. ఆ రోజు ఇబ్బందిపడిన చాలామందికి అంతకుముందు ఆస్తమా ఉన్నట్టు తెలియనే తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా వసంతకాలంలో వచ్చే తుమ్ములు, కళ్ళ దురద, దీన్నే ఇక్కడ హే ఫీవర్ అంటారు. మనలోనూ చాలామందికి వచ్చిన కొత్తలో ఏమీ ఉండదు. నాలుగైదేళ్ళు గడిచాక మొదలవుతుంది. "తుమ్ములే కదా" అని వదిలేస్తాం. అక్కడే పొరపాటు చేస్తున్నాం.

ఇక పొగ సంగతి. 2019 చివర, 2020 మొదట్లో వచ్చిన అడవి మంటలు మనకందరికీ గుర్తే. సిడ్నీ, కాన్‌బెర్రా వారాల తరబడి పొగలో మునిగాయి. ఆ పొగవల్ల 417 మంది అదనంగా చనిపోయి ఉంటారని, గుండె, ఊపిరి జబ్బులతో మూడు వేలమందికి పైగా ఆసుపత్రుల్లో చేరి ఉంటారని వైద్య పరిశోధకులు అంచనా కట్టారు. ఆఫీసులో కూర్చునేవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. డెలివరీ బండి నడిపేవాళ్ళం, తోటల్లో పళ్ళు కోసేవాళ్ళం, సైట్లలో పనిచేసేవాళ్ళం ఏ కిటికీ మూసుకోవాలి?

ఇవి పెద్ద ఘటనలు. రోజువారీ కారణాలు వేరే ఉన్నాయి. డీజిల్ బండ్ల పొగ, చలికాలంలో ఇళ్ళలో కట్టెల హీటర్ల పొగ, పనిచోట దుమ్ము. ఈ పొగలో వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని రేణువులుంటాయి, వాటినే పీఎం 2.5 అంటారు. అవి ఊపిరితిత్తుల్లోనుంచి రక్తంలోకి కూడా చేరతాయి. దగ్గు, ఆయాసంతో ఆగకుండా గుండెపోటు, పక్షవాతం దాకా తీసుకెళ్తాయి. రాయి కోసే పనిలో లేచే సిలికా దుమ్ము ఇంకా ప్రమాదం. అది పట్టుకుంటే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్ళీ మామూలు కావు. అందుకే వంటగది గట్లకు వాడే కృత్రిమ రాయిని 2024 జూలై 1 నుంచి ఈ దేశంలో నిషేధించారు. కానీ కాంక్రీటు, ఇటుక, టైలు కోసినా అదే దుమ్ము లేస్తుంది.

ఇప్పుడు ఓజోన్ గురించి. ఓజోన్ ఒకటే వాయువు, కానీ ఉన్న చోటును బట్టి మేలో కీడో చేస్తుంది. కింద, మనం పీల్చే గాలిలో ఉంటే విషం. బండ్ల పొగ మీద మండుటెండ పడితే అది పుడుతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పశ్చిమ సిడ్నీలో వేసవి మధ్యాహ్నాలు దీని బెడద ఉంటుంది. అదే ఓజోన్ భూమికి 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఉంటే మనకు గొడుగు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది.

ఆ గొడుగును మనిషే చింపాడు. ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాలలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు పైకి చేరి, వాటిలోని క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద పొర బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రెండేళ్ళకే, 1987 సెప్టెంబర్ 16న, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. దేశాలన్నీ క్రమంగా అందులో చేరి ఆ వాయువులను ఆపాయి. అంటార్కిటికా మీద ఓజోన్ 2066 నాటికి 1980 స్థాయికి చేరుతుందని అంచనా. ప్రపంచం కలిసి చేసి గెలిచిన పని ఇది. అయితే 2020 నాటి అడవి మంటల పొగ అంత ఎత్తుకూ వెళ్ళి ఓజోన్‌ను కొంత దెబ్బతీసిందని తర్వాత పరిశోధనల్లో తేలింది. కింది పొగకూ పైపొరకూ సంబంధం ఉందన్నమాట.

ఓజోన్ రంధ్రం ఆస్ట్రేలియా నెత్తిమీదే ఉందని మనలో కొందరు అనుకుంటారు. అది నిజం కాదు, అది అంటార్కిటికా మీద ఏర్పడుతుంది. కానీ ఇక్కడి వేసవి ఎండ చాలా తీవ్రం. ఈ దేశంలో ప్రతి ముగ్గురిలో కనీసం ఇద్దరికి డెబ్భై ఏళ్ళలోపు ఏదో ఒక చర్మ క్యాన్సర్ వస్తుందని అంచనా. మన రంగుకు ఆ ప్రమాదం తక్కువే, కానీ లేకపోలేదు. వస్తే ఆలస్యంగా కనిపెడతారు. కంటి శుక్లాలకు రంగుతో పనేలేదు.

మరి మనం ఏం చేయాలి?

ఒకటి. తుమ్ములు, పిల్లికూతలు ఉంటే డాక్టరుకు చూపించుకోండి. నీలం పఫర్ మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా విక్టోరియాలో ఉరుముల ఆస్తమా హెచ్చరికలు వస్తాయి. ప్రమాదం ఎక్కువ అన్న రోజు గాలివానకు ముందే లోపలికి వెళ్ళి తలుపులు వేసుకోండి.

రెండు. ఊపిరాడకపోతే 000కు ఫోన్ చేయండి. అంబులెన్స్ బిల్లు భయంతో ఆగిపోయేవాళ్ళున్నారు. మీ ఇన్సూరెన్సులో అంబులెన్స్ ఉందో లేదో ఈరోజే చూసుకోండి. ప్రాణం పోయాక బిల్లు ఆదా చేసి లాభమేమిటి?

మూడు. పొగ రోజున గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు చాలవు. ముఖానికి బిగుతుగా అతికే పీ2 మాస్కు కావాలి. రాయి, కాంక్రీటు కోసేటప్పుడు నీళ్ళు పోస్తూనే కోయాలి. మాస్కు, నీళ్ళు, దుమ్ము లాగే యంత్రం ఇవ్వడం యజమాని బాధ్యత, దయ కాదు.

నాలుగు. తక్షణ ప్రమాదం ఉంటే పని ఆపే హక్కు ఎక్కువ రాష్ట్రాల చట్టంలో ఉంది. వీసా ఏదైనా, క్యాజువల్ అయినా ఆ రక్షణ వర్తిస్తుంది. ఇంగ్లీషు ఇబ్బందిగా ఉంటే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి.

ఐదు. యూవీ సూచిక 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్, చలువ కళ్ళద్దాలు తప్పనిసరి. ఏసీ పని చేసేవాళ్ళు లైసెన్సు లేకుండా గ్యాస్ ముట్టుకోకండి, గాలిలోకి వదలకండి. అది నేరం కూడా.

ఆరు. భోగి ఇక్కడ సరిగ్గా మంటల కాలంలో వస్తుంది. టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజున ఒక్క పుల్ల కూడా వెలిగించకండి. పాత టైర్లు, ప్లాస్టిక్ ఏ రోజూ కాల్చకండి. పిల్లల తలమీద భోగిపళ్ళు పోయండి, పండుగకు లోటుండదు.

ఇంటికి డబ్బు పంపడానికి వచ్చినవాళ్ళం, ఆరోగ్యం పోగొట్టుకుని వెళ్ళడానికి కాదు. ఈసారి అమ్మ ఫోన్ చేసి అడిగితే "గాలి బాగుంది" అని ఊరుకోకుండా "జాగ్రత్తగా ఉన్నాం" అని కూడా చెబుదాం. ఆ మాట నిజం చేసుకుందాం.

సెలవు.