గడప దాటని దినములు – దేహములోని గడియారము

2020 వ సంవత్సరము మార్చి 25 వ తేదీనుండి ప్రజలు ఇండ్లు విడిచి వెలుపలికి రాగూడదని దేశమంతటను ప్రభుత్వము శాసించినది. కోవిడ్ వ్యాధి వ్యాపింపకుండుటకై మొదట 21 దినములకని విధించిన ఆ కట్టుబాటు తరువాత పలుమారులు పొడిగింపబడినది. పెక్కుమందికి కచేరీకి పోవు పని తప్పినది. బడిగంట లేదు, బస్సు దాటిపోవునను తొందర లేదు. కొన్ని వారములు గడచునప్పటికి ఎన్నో ఇండ్లలో ఒకే ఫిర్యాదు: పిల్లలు రాత్రి ఒంటిగంట దాక పండుకొనరు, ఉదయము పది గంటలకుగాని లేవరు. పెద్దలు దానిని సోమరితనమనిరి. పెద్దలలోను కొందరికి అదే అవస్థ కలిగినది గాని, ఆ మాట ఎవరును ఎత్తలేదు. ఆ నింద ఎంతవరకు న్యాయమో తెలియవలెనన్న మనము దేహములోని గడియారమును గూర్చి కొంత విచారింపవలెను.

మెదడు అడుగుభాగమున, రెండు కన్నుల నరములు ఒకదాని నొకటి దాటు చోటికి మీదుగా, రెండు చిన్న కణపుంజములు గలవు. రెంటను కలిపి సుమారు 20,000 నాడీకణములు మాత్రమే. నిద్ర, మెలకువ, శరీరపు వేడిమి, ఆకలి మున్నగునవి వీని తాళమున కనుగుణముగా నడచును. చిత్రమేమనగా, ఈ గడియారము సరిగా 24 గంటలకు ఒక చుట్టు తిరుగదు. సగటున ఇంచుమించు పది నిమిషము లెక్కువ తీసికొనును. కనుక దీనిని ప్రతిదినము సరిదిద్దవలెను. వెనుకటి తరమువారు గోడగడియారమును రేడియో వార్తల వేళకు సరిదిద్దుకొనెడివారు గదా! దేహపు గడియారమును సరిదిద్దువాడు సూర్యుడు. కంటిలోని వెనుకటి పొరలో, వెలుతురు హెచ్చుతగ్గులను మెదడునకు తెలుపుటయే ముఖ్యమైన పనిగా గల ప్రత్యేక కణములున్నవి. ఉదయపు వెలుతురు మన నిద్రవేళను ముందునకు లాగును. రాత్రి వెలుతురు దానిని ఆలస్యము చేయును.

వెలుతురు బొత్తిగా అందకున్న నేమగును? 1962 లో మిషెల్ సిఫ్ర్ అను ఫ్రెంచి యువకుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆల్ప్స్ పర్వతములలోని ఒక గుహలో గడియారము లేకుండ ఒంటరిగా రెండు నెలలు నివసించెను. తాను లేచినప్పుడును పండుకొనునప్పుడును పైనున్న మిత్రులకు టెలిఫోనుద్వారా తెలుపుచుండెను. జూలై 16 న దిగినవాడు సెప్టెంబరు 14 న వెలుపలికి వచ్చినప్పుడు, ఆనాడు ఆగస్టు 20 అని అతడు నమ్మియుండెను! మనసు ఇరువదియైదు దినముల లెక్క తప్పినది. మిత్రులు వ్రాసికొన్న వేళలు చూడగా, దేహము మాత్రము 24 గంటలకు కొంచెము మించిన తన చుట్టును విడువక తిరుగుచునే యున్నది.

మన ఇండ్లు గుహలు కావు. అయినను మబ్బు పట్టిన పగటివేళ సైతము ఆరుబయట కొన్ని వేల లక్సుల కాంతి యుండగా, దీపము వెలిగించిన గదిలో తరచుగా రెండు మూడు వందలకు మించదు. కన్ను తనంతట సర్దుకొనుటచే ఈ భేదము మనకు తోచదు. గడియారమునకు మాత్రము తోచును.

2020 లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు 139 మంది విద్యార్థుల నిద్రను ఇంటిపట్టున నుండుటకు ముందును, ఉన్నప్పుడును పోల్చి చూచిరి. పనిదినములలో వారు సుమారు అరగంట అధికముగా నిద్రించిరి. కాని నిద్రవేళ పనిదినములలో 50 నిమిషములు, సెలవుదినములలో 25 నిమిషములు వెనుకకు జరిగినది. అనగా పనిదినపు నిద్రకును సెలవునాటి నిద్రకును గల అంతరము తగ్గినది. యౌవనమున ఈ గడియారము స్వభావముచేతనే ఆలస్యముగా నడచును. బడిగంట కొరకు అర్ధనిద్రలో లేపబడుచుండిన పిల్లలు కొంతవరకు తమ బాకీ తీర్చుకొనిరనియే మే మందుము. వారిని సోమరులనుట అన్యాయము. అయితే ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండులలో అదే కాలమున జరిగిన పరిశీలనలో, నిద్ర పెరిగినను దాని నాణ్యము కొంత తగ్గినట్లు జనులు చెప్పిరి. దిగులు ఒక కారణము కావచ్చును. ఎండ తగలక, కదలిక లేక గడచిన పగళ్లు మరియొకటి కావచ్చును.

భోజనవేళలు కూడ లెక్కకు వచ్చును. కాలేయము మున్నగు అవయవములకు వేరుగా చిన్న గడియారములు గలవు. అవి అన్నము తిను వేళను పట్టి నడచును. 2020 మార్చి 28 నుండి దూరదర్శనము పాత రామాయణ ధారావాహికమును ఉదయము తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మరల ప్రసారము చేసినది. అది చూచిన ఇండ్లలో ఫలహారమునకు, రాత్రి భోజనమునకు ఒక వేళ యేర్పడియుండునని మా ఊహ.

ఆ కట్టుబాట్లు తొలగినవి గాని గడప దాటనివారు ఇంకను గలరు. ఇంటినుండియే ఉద్యోగము చేయువారికి ఉదయము అరగంట మేడమీద తిరుగుట, రాత్రి దీపములు తగ్గించి ఫోనును ముఖమునకు దూరముగా నుంచుట సాధ్యమే. మంచము పట్టిన వృద్ధుల సంగతి వేరు. వయసుతో కంటిలోని కటకము పసుపువన్నె కెక్కి, లోనికి పోవు కాంతి తగ్గును. వారికి అందరికంటె ఎక్కువ వెలుతురు కావలసియుండగా, తరచుగా ఇంటిలోని చీకటిగదియే వారికి దక్కును. అట్టివారు పగలెల్ల కునికి రాత్రి మేలుకొనుచున్నచో, నిద్రమాత్ర నడుగుటకు ముందు వారి గదిలో పగటివేళ ఎంత వెలుతురున్నదో చూడుడు. మంచమును కిటికీ చెంతకు జరుపుడు.