కోడిమేతలో ఖనిజలవణములు



పెట్ట తోలుగుడ్డు పెట్టినను, కాళ్లు పడిపోయి మూలకు చేరినను, దానికి తెగులు తగిలినదని తలంచి కోసివేయుట మన పల్లెలలో కలదు. పెక్కుమారులు అది తెగులు కాదు, మేతలోని కొఱత. ఆ కొఱతను తీర్చు విధమును నేడు మనవి చేసెదను.

గుడ్డు పెంకు తూకము 5 లేక 6 గ్రాములు. అందు నూటికి 94 పాళ్లు సున్నపురాతి పదార్థమే. అనగా ఒక్కొక్క గుడ్డుతో పెట్ట దేహమునుండి సుమారు 2 గ్రాముల కాల్షియము వెలికి పోవుచున్నది. దాని దేహమంతటను గలది ఇంచుమించు 20 గ్రాములే. 100 గ్రాముల జొన్నలలోనో గ్రాములో 20వ వంతైనను లేదు. కావున గింజలు మాత్రమే తిను పెట్ట తన యెముకలను కరగించి పెంకు కట్టుచున్నది. ఇంటి వాసములను ఊడదీసి వంటచెఱకు చేసికొనిన సంసార మెన్నాళ్లు నిలుచును?

దీనికి మందు చౌకయైనది. ఆల్చిప్పలను గాని నత్తగుల్లలను గాని కడిగి, ఎండబెట్టి, జొన్నగింజంత పలుకులుగా దంచి, వేఱొక మూకుడులో సాయంకాలమున ఉంచవలెను. పెట్ట తనకు వలసినంత తానే తినును. పెంకు కట్టుటకు సుమారు 20 గంటలు పట్టును; అందు హెచ్చుభాగము రాత్రివేళనే జరుగును. పలుకులు కందనకాయలో నిలిచి రాత్రియంతయు మెల్లగా కరగును. మెత్తని పొడి త్వరగా దాటిపోవును. తాంబూలపు సున్నము పెట్టరాదు. అది నోటిని, కడుపును పొక్కించును. ఇసుకయు గులకరాళ్లును గింజను నలుగగొట్టునే గాని కాల్షియము నీయవు. పగలెల్ల గంపక్రిందనే ఉన్న కోడికి ఎండ తగులదు. ఎండవలన కలుగు డి విటమిను లేనిదే తిన్న కాల్షియము ఒంటబట్టదు.

అయితే మేలైనదని మితిమీరరాదు. గుడ్లుపెట్టు పెట్ట మేతలో కాల్షియము నూటికి మూడున్నర మొదలు 4 పాళ్లుండవలెను. పిల్లల మేతలో 1 పాలు చాలును. పెట్టల మేత పిల్లలకు వేసినచో వాని మూత్రపిండములు చెడును. 1936వ సంవత్సరమున అమెరికాలో విల్గస్, నారిస్, హ్యూజర్ అను శాస్త్రజ్ఞులు, పిల్లల మడమ నరము జాఱి కాలు వంకరపోవుటకు మాంగనీసు కొఱత కారణమని కనుగొనిరి. కాల్షియము, భాస్వరము మితిమీరినచో ఉన్న మాంగనీసును కూడ దేహమునకు అందనీయవు. మన వరితవుడులో మాంగనీసు సమృద్ధిగా కలదు. ఉప్పు కిలో మేతకు 3 గ్రాములు చాలును. పాడైన ఊరగాయలను కోళ్లకు వేయుట ప్రాణాంతకము.

ఒక హెచ్చరిక. మెడలు మెలితిరిగి కోళ్లు వరుసగా చచ్చుచున్నచో అది కొక్కెర తెగులు కావచ్చును. దానికి ముందుగా వేయించిన టీకాయే రక్షగాని గుల్లపలుకులు కావు. తక్కిన వేళల, కత్తి తీయుటకు ముందు మేత మూకుడు చూడుడు. ఆ పెట్టల గుడ్లమీద వచ్చు నాలుగు డబ్బులే పెక్కిండ్లలో ఆడువారి చేతిసొమ్ము.