మా తాతకు తాత యెవరు?

రాజుల కథలను మీరు హరికథలలోను, తోలుబొమ్మలాటలలోను వినియున్నారు. నేడు నేను చెప్పబోవునది రాజులను గూర్చి గాదు. నాలుగెకరముల చేను, ఒక జత యెద్దులు, నెత్తిమీద తీరువ బాకీ గల యొక సామాన్య కుటుంబమును గూర్చి. ఆ కుటుంబము మాదియే.

మన యనంతపురమునకు చరిత్రము లేకపోలేదు. ఇచ్చటి హండే వంశపు ప్రభువుల కథను చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1853లో చెన్నపట్టణమున అచ్చు వేయించెను. కల్నల్ మెకంజీ కూర్చిన కైఫియత్తులలో మన సీమలోని గుడులు, కోటలు, చెరువులు, వానిని గట్టించినవారి పేర్లు గలవు. చెరువు గట్టించినవాని పేరున్నది. మట్టితట్ట మోసినవాని పేరు లేదు. ఇన్నేండ్లు బడిలో పాఠము చెప్పినను నాకీ కొఱత తోచలేదు. ఉద్యోగము విరమించిన పిమ్మట నొకనాడు నా మనుమరాలు పలక ముందిడుకొని, "తాతా, మీ తాతకు తాత పేరేమి?" యని యడిగెను. రఘువంశపు రాజులను వరుసగా నప్పజెప్పగల నేను ఆ పేరు చెప్పజాలకపోతిని.

ఇట్టి వెదకులాట లోకమునకు క్రొత్త గాదు. ఆస్ట్రేలియా ఖండమున సామాన్య గృహస్థులు సైతము తమ పూర్వులు ఏ యోడలో వచ్చి దిగిరో వెదకుకొందురు. 1788లో ఇంగ్లండునుండి సిడ్నీ తీరమునకు గొనిపోబడిన ఖైదీల పట్టికలు నేటికిని నిలిచియున్నవి. ఒకప్పుడు కొడుకులు దాచిపెట్టిన యా పేర్లనే నేడు మనుమలు గర్వముతో చెప్పుకొనుచున్నారు. మనవారిలోను 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి చెఱకుతోటల కూలికై నెటాలు దేశమునకు ఓడలెక్కినవారి పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామము, ఒంటిమీది మచ్చలు గూడ వ్రాసిన పట్టికలు గలవు. ఊరు విడిచి సముద్రము దాటినవాని జాడ దొరకుచున్నది. ఊరిలోనే పుట్టి ఊరిలోనే మట్టియైనవాని జాడ దొరకుట కష్టముగ నున్నది. వింత గదా!

నేను మొదట కాగితముల జోలికి బోక ముసలివారి నాశ్రయించితిని. తొంబదియేండ్ల మా మేనత్త కన్నులు మూసికొని ఐదు తరముల పేర్లు చెప్పెను. తిమ్మప్ప, తిప్పన్న, మఱల తిమ్మప్ప. తాత పేరు మనుమనికి బెట్టు ఆచారముచే ఏ తిమ్మప్ప యెవరో తెలియక నేను గొంతకాలము తికమకపడితిని. ఆ వరుస మొదట మన్రోలప్ప యను పేరొకటి తగిలినది. అదియే నాకు దారిదీపమైనది. నైజాము ప్రభువు ఈ సీమను 1800లో కుంఫిణీవారికి దత్తము చేయగా, థామసు మన్రో దొర 1807 వఱకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి, 33 అడుగుల గొలుసుతో చేలను కొలిపించి రైతువారీ తీరువ నేర్పఱచెను. చదరపు గొలుసు ఒక గుంట. నలువది గుంటలు ఎకరము. ఆ దొరపై గల యభిమానముచే మనవారు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు బెట్టిరి. కావున మా మన్రోలప్ప 1800కు పిమ్మట బుట్టినవాడే గాని ముందటివాడు గాడు. పేరే శాసనమైనది.

ఇండ్లలోని యాడువారి పేర్లు ఏ కాగితమునను నాకు దొరకలేదు. వారి పేర్లను, పుట్టిన యూళ్లను మేనత్తయే చెప్పినది.

ఇచ్చట నొక తప్పు నొప్పుకొనవలయును. పూర్వము వంశరాజులు ఇల్లిల్లు దిరిగి గోత్రములను వంశక్రమములను పాడుచుండెడివారు. నా చిన్నతనమున నట్టి ముదుసలి యొకడు మా యరుగుమీద గూర్చుండి మా వంశమును పాడెను. మేము చేటెడు జొన్నలు పెట్టి పంపితిమి. కాగితము, కలము నా చేతిలోనే యుండెను; ఒక్క ముక్కయు వ్రాసికొననైతిని. ఆయన మఱల రాలేదు.

మేనత్త పేర్లతో బాటు ఒక పగను గూడ నప్పగించినది. మన్రోలప్పకు కొడుకు లిద్దఱు. ధాత కఱవులో, అనగా 1876-77లో, చెరువు క్రింది మడిని చిన్నవాడు అన్నకు తెలియకుండ అమ్ముకొని తినెనట. ఆ చిన్నవాని సంతతివారి యిల్లు మా యింటి కెదురుగనే యున్నది. నాలుగు తరములుగ నొకరి యింట నొకరము మంచినీళ్లు ముట్టలేదు. ఎవరైన పోయిన మైల మాత్రము పట్టుదుము. చావుకు దాయాదులము, పెండ్లికి గాము.

పిమ్మట కాగితములు. కరణముల పదవి 1984లో రద్దయినది. వారి దప్తరములలో కొన్ని తాలూకా కచ్చేరికి జేరినవి, కొన్ని చెదలకు జేరినవి. ఈ పని చేయదలచువారికి రెండు మాటలు. పాత లెక్కలలో ఫసలీ సంవత్సర ముండును. దానికి 590 కలిపిన, ఆ ఫసలీ జూలైలో మొదలైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. మన జిల్లా బళ్లారినుండి విడివడినది 1882లో. అంతకు ముందటి కాగితములు బళ్లారి పేరనే యుండును. కదిరి 1910 వఱకు కడపది. రాయదుర్గము 1953 వఱకు బళ్లారిది. ఇది తెలియక నేను తిరిగిన తిరుగుడు ఎద్దులకైనను వలదు.

కాగితమును గూడ గ్రుడ్డిగ నమ్మరాదు. బడి రిజిస్టరులో నా చేతులార వ్రాసిన పుట్టినతేదీలు నాకు తెలియును. తండ్రి, "మొన్న చెరువు తెగిన యేడు పుట్టె సామీ" యనును. నేను వ్రేళ్లు మడిచి లెక్కించి జూలై 1 అని వ్రాయుదును. మా గ్రామమున సగము మంది ఒకే దినమున బుట్టినారు.

చెరువు క్రింది మడి నంబరు మేనత్తకు తెలియదు, దాని యెల్లలు తెలియును. ఆ యెల్లలను బట్టి డైగ్లాటు అను పాత భూమి రిజిస్టరు వెదకగా పట్టాదారుగ ప్రక్క గ్రామపు కుటుంబము పేరు గనబడెను. అప్పుడు నాకొక చిన్న విషయము తట్టినది. అమ్మినవాని యింట కాగితము మిగులదు. కొన్నవాని యింట నుండును. ఆ యింటివారు పాత సందుగ తెఱచి, బట్టలో జుట్టిన మూలపత్రమును నా ముందుంచిరి.

ధాత సంవత్సరపు పత్రమది. ఫసలీ బాకీ ముప్పది రూపాయలు, కుటుంబ పోషణార్థము జొన్నలకై ఎనుబది రూపాయలు, వెరసి నూటపదికి అన్నదమ్ము లిరువురు గలిసి మడిని విక్రయించినట్లు వ్రాసియున్నది. క్రింద, చేవ్రాలు చేయజాలనివారు వేయు నాగలి గురుతులు, ఒకటి గాదు, రెండు. ఆ కాలమున, 1877లో, కఱవు పనులకు వచ్చిన మగకూలికి దినమున కొక పౌను ధాన్యము, ఒక యణా చాలునని సర్ రిచ్చర్డు టెంపులు నిర్ణయించియుండెను. పౌననగా నేటి అరకిలోకు లోపు. మడిని అమ్మిన దెందులకో వేఱుగ జెప్పనక్కఱలేదు.

జెరాక్సు ప్రతి తీయించుకొని నే నెదురింటికి బోతిని. ఇరువదియడుగుల వీథి. ఆ యింటి పెద్ద నాకు చిన్నాయన వరుస. తొంబదికి చేరువ, చూపు మందము. అరుగు క్రింద నిలిచియున్న నన్ను జూచి, "అయివారా? ఎవరన్నా పోయినారా?" యని యడిగెను. మైల కబురు తప్ప మా యింటినుండి మఱి యేమి వచ్చునని యనుకొనగలడు!

పత్రమును మొదటినుండి చివఱవఱకు చదివితిని. మఱియొకమాఱు చదువుమనెను. చదివితిని. కొంతసేపటికి, "మా ఇంట్లో ఇంకో మాట చెప్పేవాళ్లు, నాయనా. పెద్దోడే అమ్ముకున్యాడని," యనెను. పిమ్మట చేయి చాచి, "ఆ నాగండ్లు యాడుండాయో చూపీ," యనెను. ఆయన వ్రేలిని పట్టి రెండు గురుతులమీదను వరుసగ నుంచితిని.

"ఇందులో మావోనిది యాది?"

మడత చినిగినచోట గురుతుల ప్రక్కనున్న పేర్లు చెరిగిపోయినవి. రెండు నాగళ్లును ఒక్కతీరుననే యున్నవి. చెప్పలేనంటిని.

ఆయన కోడలు లోపలినుండి చెంబుతో మజ్జిగ దెచ్చి నా ముందుంచినది. నేను త్రాగులోపల చిన్నాయన ఆ కాగితమును నాలుగుమడతలు చేసి దిండు క్రింద పెట్టుకొనెను. నాకై నేను మఱియొక ప్రతి తీయించుకొనవలసివచ్చినది.