మందసమును యుద్ధభూమికి మోయవద్దు

ఈనాటి ధ్యానమునకు మొదటి సమూయేలు గ్రంథము 4వ అధ్యాయము చూద్దాం.

ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయారు. 4,000 మంది చనిపోయారు. అప్పుడైనా మోకరించి, తమలోని తప్పేమిటో దేవుని అడగవలసింది. కాని పెద్దలు షిలోహు నుండి నిబంధన మందసమును దండులోనికి తెప్పించారు. అది మన మధ్య ఉంటే గెలుపు మనదే అనుకున్నారు. దండంతా కేకలతో దద్దరిల్లింది. ఏమైంది? ఈసారి 30,000 మంది కూలిపోయారు. మందసము శత్రువుల పాలైంది.

ప్రియులారా, వారు దేవుని సేవించడానికి మందసమును తేలేదు. దేవునిచేత తమ పని చేయించుకోవడానికి తెచ్చారు. ఎన్నికలలో మతాన్ని వాడుకోవడం కూడా ఇలాంటిదే.

మతం పేరుతో ఓటు అడగడం అవినీతికర చర్య అని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. 1987లో బొంబాయి విలేపార్లే ఉప ఎన్నికలో అలా ఓట్లు అడిగినందుకు గెలిచినవారి ఎన్నిక రద్దయింది. సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది 1995లో! అప్పటికి ఆ శాసనసభ కాలమే ముగిసిపోయింది. చట్టం మంచిదే, కాని ఆలస్యంగా వస్తుంది. మనస్సాక్షి ముందుగా మేల్కోవాలి.

అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు తీర్పు చెప్పారు. ఇది ఇతరులకే అనుకోకండి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి గుడి, మసీదులతోపాటు చర్చిని కూడా ప్రచార వేదిక చేయవద్దంటుంది.

ఎన్నికల ముందు ఆదివారం ఒక నాయకుడు వస్తాడు. ప్రహరీగోడ కట్టిస్తానంటాడు. మనం దండ వేసి మైకు ఇస్తాం. "సంఘమంతా ఈ గుర్తుకే" అని ప్రకటన చేస్తాం. అప్పుడు వేరే పార్టీకి ఓటు వేసే సహోదరుడు పాపిలా తల దించుకుంటాడు. పొరుగువారికి మన మందిరం పార్టీ ఆఫీసులా కనబడుతుంది. త్రాగునీరు, బడి, ఆసుపత్రి గురించి నాయకుణ్ణి అడిగేవాడే ఉండడు. మనం ఇలా చేస్తూ, ఇతరులు మతంతో రాజకీయం చేస్తున్నారని ఏ నోటితో అడుగుతాం?

ప్రభువును చూడండి. యోహాను సువార్త 6వ అధ్యాయములో, రొట్టెలు తిన్న జనసమూహము ఆయనను బలవంతంగా రాజును చేయాలనుకున్నది. ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు. ఆ కిరీటం ఆయనకు అక్కరలేదు.

కాబట్టి పాలకుల కొరకు ప్రార్థించండి. తప్పక ఓటు వేయండి. అభ్యర్థి విశ్వాసియైనా అన్యుడైనా ఒకే కొలతతో కొలవండి. పేదవానికి న్యాయం చేస్తాడా? చేతులు శుభ్రంగా ఉన్నాయా? ప్రసంగ వేదికను మాత్రం ఎవరికీ అద్దెకివ్వకండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, నీ నామమును మా గెలుపు కొరకు వాడుకొనకుండ మమ్మును కాపాడుము. మా పొరుగువానిని ఓటుగా కాక మనిషిగా చూచే కన్నులిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.