అలసట సోమరితనము కాదు
(పెర్మిలిలో ఉగాది ఉత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు రోగముల ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపువ్వును మనమెవరమూ ఏరి పారవేయము గదా! ఆ ధైర్యముతోనే మాట్లాడుచున్నాము. మేము డాక్టరులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనువారము. చదివి తెలుసుకొన్నది మన భాషలో నలుగురికి చెప్పవలెనన్నదే మా కోరిక.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను జబ్బు ఒకటి ఉన్నది. 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు దీనిని స్పష్టముగా వర్ణించెను. 2020 నాటి అంచనా ప్రకారము ప్రపంచములో 28 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది. యూరపు దేశములతో పోల్చిన మన దేశములో తక్కువ, కాని లేకపోలేదు. సాధారణముగా 20 మొదలు 40 ఏండ్ల లోపున మొదలగును. మగవారికంటె ఆడవారికి రెండింతలకు పైగా వచ్చును.

ఇది ఎట్టిదో మా రైల్వే భాషలో చెప్పెదము. సిగ్నలు కేబులుకు పైన తొడుగు ఉండును. మన నరములకు కూడ మైలిన్ అను కొవ్వు తొడుగు ఉన్నది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి ఆ తొడుగును కొరికివేయును. అప్పుడు మెదడు పంపిన వార్త ఆలస్యముగా చేరును, లేదా చేరనే చేరదు. చూపు మసకబారుట, కాళ్ళు తిమ్మిరెక్కుట, నడక తూలుట, ఇట్లు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున కనబడును.

వీటన్నిటికంటె ఎక్కువ మందిని బాధించునది అలసట. నలుగురు రోగులలో ముగ్గురి వరకు దీనిని చెప్పుకొందురు. పొలము పని చేసి వచ్చినవాడి అలసట రాత్రి నిద్రతో తీరును. ఇది నిద్రతో తీరదు. తెల్లవారి లేచినప్పుడే ఒంటిలో సత్తువ ఉండదు. నాలుగు అంకెలు కూడుటకే తల బరువెక్కును. పైకి చూచిన మనిషి చక్కగా ఉండును. చిక్కంతయు ఇక్కడనే వచ్చినది. మా బంధువులలో ఒక కోడలు ఇట్లు పగలే పడుకొన్నదని ఇల్లంతయు దెప్పినారు. “బిందెడు నీళ్ళు తేలేనిది కాపురమేమి చేయును” అన్నారు. ఆమెకు ఈ జబ్బని తేలుటకు ఏండ్లు పట్టినది. ఆ ఏండ్లలో ఆమె పడ్డ మాటలను ఏ మందు మాన్పగలదు?

కంటికి కనబడని ఈ అలసటను చూచుటకు దారి ఉన్నదా? శాస్త్రజ్ఞులు కొంత దారి వేసినారు. ఎమ్మారై యంత్రము మీలో కొందరు చూచియే ఉందురు. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు. పెద్ద అయస్కాంతము, రేడియో తరంగములు, వీటితోనే శరీరము లోపలి నీటి జాడను బట్టి బొమ్మ తీయుదురు. దీనికి పునాది వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ గార్లకు 2003లో నోబెల్ బహుమానము వచ్చినది. తొడుగు చెడిన చోట్లు ఈ బొమ్మలో మచ్చలుగా కనబడును. హ్యూస్టను నగరమున టెక్సాసు విశ్వవిద్యాలయములో పొన్నాడ నారాయణగారు ఈ మచ్చలను కొలుచు పనిలో ఏండ్ల తరబడి కృషి చేసినారు. ఆ పేరు మన చెవికి ఎంత పరిచితముగా ఉన్నది! సూదిమందు ఎక్కించకుండగనే కొత్త మచ్చలను కంప్యూటరుచేత గుర్తింపజేయు ప్రయత్నమును వారి బృందము 2020లో ప్రకటించినది.

అయితే మచ్చల లెక్కకును అలసటకును సరిగా పొంతన కుదరలేదు. మచ్చలు కొద్దిగా ఉన్నవారు కూడ మిక్కిలి అలసిపోవుదురు. కనుక పనిచేయుచున్న మెదడును చూడవలసి వచ్చినది. మెదడులో ఏ భాగము పనిచేయునో అక్కడికి ప్రాణవాయువు గల రక్తము ఎక్కువగా పోవును. ఆ తేడాను ఎమ్మారైతో పట్టవచ్చునని 1990లో ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు చూపెను.

2008లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున జాన్ డెలూకాగారి బృందము ఈ పద్ధతితో అలసటను పరీక్షించినది. 15 మంది రోగులను, 15 మంది ఆరోగ్యవంతులను యంత్రములో పడుకొనబెట్టి, గుర్తులకు అంకెలు జత కూర్చు పనిని మరల మరల చేయించినారు. రోగులు నిదానముగా చేసినను తప్పులు ఎక్కువగా చేయలేదు. కాని చేయుకొలది ఆరోగ్యవంతుల మెదడులో శ్రమ తగ్గుచుండగా, రోగుల మెదడులో కొన్ని భాగములందు పెరుగుచు వచ్చినది. నుదుటి వెనుక భాగము, లోపలనున్న బేసల్ గాంగ్లియా, థాలమస్ అనునవి వానిలో ముఖ్యమైనవి. అంతకు ముందే 1997లో, మెదడు చక్కెరను వాడుకొను తీరును కొలుచు పెట్ అను వేరొక పరీక్షలో, అలసట గల రోగులకు నుదుటి భాగమునను, బేసల్ గాంగ్లియాలోను వాడకము తక్కువగా ఉన్నట్లు తేలినది. రెండు పరీక్షలు కొలిచినవి వేరు, చూపిన చోట్లు మాత్రము కలిసినవి.

బ్రేకులు పట్టుకొనిపోయిన గూడ్సు బండిని తలచుకొనుడు. బండి గమ్యము చేరును. కాని ఇంజను ఎంత అదనముగా లాగినదో గార్డుకు, డ్రైవరుకు తెలియును, ప్లాట్‌ఫారము మీద నిలిచినవానికి తెలియదు. ఈ రోగి సంగతియు అంతే.

ఒక్క హెచ్చరిక. ఈ అలసట పరీక్షలు ఇంకను పరిశోధనశాలలోనివే. జ్వరమును థర్మామీటరు చూపినట్లు ఒక మనిషి అలసటను కొలిచి చీటీ వ్రాసి ఇచ్చు యంత్రము లేదు. ఎమ్మారై జబ్బును పట్టుటకు పనికివచ్చును. అలసటను తెలుసుకొనుటకు రోగి చెప్పిన మాటయే నేటికిని ఆధారము. మందుల సంగతియు అంతంత మాత్రమే. అలసటకు వాడుచున్న అమాంటడిన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ అను మూడింటిని పరీక్షించి, ఉత్తుత్తి మాత్రకంటె మేలు కావని 2021లో ప్రకటించినారు.

అలసట అనగానే ఈ జబ్బేనని భయపడవద్దు. మన సిరొంచ, అహేరి, భామ్రాగఢ్ ప్రాంతములో మలేరియా, సికిల్ సెల్, రక్తలేమి ఇంతకంటె చాల ఎక్కువ. ముందు రక్తపరీక్ష చేయించవలెను. థైరాయిడ్, నిద్రలేమి, మనోవ్యాకులము కూడ చూపించుకొనవలెను. దానితోపాటు చూపు తగ్గుట, తిమ్మిరి, తూలుట ఉన్నచో నరముల వైద్యుని చూడవలెను. దూరమని, ఖర్చని ఆలస్యము చేయరాదు. జబ్బు ముదరకుండ ఆపు మందులు నేడు పెక్కు ఉన్నవి, వానిని ముందుగా మొదలుపెట్టుటే మేలు. ఎమ్మారై గదిలోనికి పోవునప్పుడు ముక్కుపుడక, తాళిబొట్టు, మెట్టెలు తీయమందురు. అశుభమని జంకవలదు, అయస్కాంతము ఇనుము గల లోహమును లాగును, తక్కిన లోహములు వేడెక్కవచ్చును.

ఇంట చేయదగినవి కూడ ఉన్నవి. శ్రమ చేసినప్పుడు ఈ రోగుల చూపు తాత్కాలికముగా మందగించునని 1890లోనే ఉట్‌హోఫ్ అను వైద్యుడు గుర్తించెను. ఎండ వేడికి కూడ ఈ జబ్బు లక్షణములు తాత్కాలికముగా పెరుగును. రాబోవునది వేసవి. పెద్ద పనులు చల్లని పొద్దున ముగించి, మధ్యాహ్నము విశ్రమింపనీయవలెను. వైద్యుడు చెప్పిన మేరకు కొద్దికొద్దిగా వ్యాయామము మంచిది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ జబ్బు పేరు ఉన్నది. తగిన వైకల్యము ఉన్నవారు ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవచ్చును.

సోదరులారా! గోదావరికి, ప్రాణహితకు ఈవలను ఆవలను ఉండి, ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ, సంతలో గోండీ మాట్లాడుకొని బ్రతుకువారము మనము. మూడు భాషలు వచ్చిన మనకు “చేతకావడము లేదు” అన్న ఒక్క మాట అర్థము కాకపోవుట న్యాయము కాదు. ఈ సంవత్సరము మన ఇండ్లలో ఎవరైన ఆ మాట అన్నచో, దెప్పుటకు ముందు “ఎప్పటినుండి అమ్మా?” అని అడుగుదము. అందరికిని నూతన సంవత్సరము ఆయురారోగ్యముల నిచ్చుగాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.