కారణం వెతికేటప్పుడు

 

బ్యాంకు పరీక్షలో 'ఈ వాదనను బలహీనపరిచేది ఏది?' అని అడిగితే మన పిల్లలు చాలామంది తడబడుతున్నారు. మన కోవిల్‌పట్టి సరుకుతోనే చెబుతాను.

2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. ప్రశ్న ఇలా వచ్చిందనుకోండి: 'ధర పెరిగాక పెట్టెల అమ్మకం తగ్గింది. కాబట్టి జనం అగ్గిపుల్లలు తక్కువ వాడుతున్నారు.' వినడానికి బాగానే ఉంది. కానీ ధరతో పాటు పెట్టెలో పుల్లలూ 36 నుంచి 50 అయ్యాయి. లెక్క వేయండి. పాత పెట్టెలు 100 అయితే 3,600 పుల్లలు. కొత్తవి 72 పెట్టెలకే అన్ని పుల్లలు వస్తాయి. నూటికి 28 పెట్టెలు తగ్గినా పుల్లల వాడకం ఒక్కటీ తగ్గనక్కర లేదు! 'ధర పెరిగితే పేదవాడికి కష్టం' అనే జవాబు కూడా ఇస్తారు. అది నిజమే, కానీ ఆ వాదనను తాకదు. దానికి టిక్కు పెట్టి మార్కు పోగొట్టుకోకండి.

పరీక్ష సంగతి అలా ఉంచండి. నేను గుమాస్తాగా ఉన్న ఒక బ్రాంచిలో, ఒక కుర్రాడు కౌంటరులో కూర్చున్న రోజుల్లోనే నగదు తగ్గేది. అందరం అతన్నే అనుమానించాం. నేను పైకి అనేశాను కూడా. రద్దీగా ఉండే సంత రోజులే అతనికి వేస్తున్నారని ఎవరమూ గమనించలేదు. పాపం, బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. తర్వాతి సంత రోజున కూడా నగదు తగ్గింది. ఆ రోజు కౌంటరులో కూర్చున్నది నేనే.